వార్డెన్ సంతకం సరిపోతుందా?

ప్రశ్న: వసతిగృహంలో చదివే పిల్లలకు టీకా వేయడానికి వార్డెన్ సమ్మతి చాలుతుందా?

జవాబు: 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మక ప్రాజెక్టు కింద 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేసినప్పుడు, రెండు వేలకు పైగా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకం చేసినట్లు తర్వాతి విచారణలో తేలింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మేలు చేసేదే అయినా సమ్మతిలోని లోపం దానివల్ల మాసిపోదు.

పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలో సంరక్షకులతో పాటు, చట్టప్రకారం వారి బాధ్యత వహిస్తున్న ఇతరుల సమ్మతినీ భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ గుర్తిస్తుందన్నది నిజమే గాని, ఆ సెక్షన్ సదుద్దేశంతో పనిచేసిన వారిని నేరాభియోగం నుంచి కాపాడుతుందే తప్ప నైతిక బాధ్యతను తీర్చదు. పైగా ప్రాజెక్టులో భాగస్వామి అయిన ప్రభుత్వానికే లోబడిన ఉద్యోగి కాదనగలిగే స్థితిలో ఉండడు; కాదనే వీలు లేని చోట సమ్మతి, అంటే లాభనష్టాలు తెలిసి స్వేచ్ఛగా ఇచ్చే అంగీకారం, పేరుకే మిగులుతుంది. ప్రాణాపాయంలో మాత్రం ఎవరి సంతకం కోసమూ చికిత్స ఆగకూడదు. పరిశోధనల్లోనైతే, 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా అడగాలి.