చెప్పడం కన్నా అమర్చడం మేలు

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు. అయినా మోసపోతున్నారు. ఎందుకు? భయం, తొందర ముందు తెలివి నిలవదు. అందుకే మందలించే కన్నా మంచి దారిని సులువు చేయడం మేలు. దీన్నే ‘నడ్జ్’ అంటారు. అంటే మెల్లగా తట్టడం. ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ లభించింది.

2021లో గూగుల్ అడిగేదాకా ఆగకుండా ఖాతాలకు రెండంచెల తనిఖీని తానే అమర్చసాగింది. అలా అమర్చిన 15 కోట్లకు పైగా ఖాతాల్లో చోరీలు సగానికి తగ్గాయని 2022లో ప్రకటించింది.

మిత్రులారా! సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల వాట్సాప్‌కు ఆ తనిఖీ మనమే పెడదాం. ‘డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు’ అని రాసి ఫోను వెనుక అంటిద్దాం. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. కూలి డబ్బు, స్కాలర్‌షిప్ మనకు చిన్నవి కావు కదా!