అరల బీరువా ఎందుకు ముందుకు వాలింది?

పిల్లలూ! మీరు బడికి తెచ్చుకునే టిఫిన్ కారియర్‌ను ఒకసారి తలుచుకోండి. అడుగు గిన్నెలో ఉన్న అన్నం కావాలంటే ఏం చేయాలి? పైన ఉన్న కూర గిన్నె, పప్పు గిన్నె, పెరుగు గిన్నె అన్నీ దించాలి కదా! గిన్నెలు తేలిక కాబట్టి మనకు కష్టమనిపించదు. కానీ ఆ గిన్నెల స్థానంలో పనిముట్ల పెట్టెలు ఉంటే?

వడ్రంగులు, విద్యుత్ పనివారు ఈ రోజుల్లో ఒకదానిమీద ఒకటి అమరే ప్లాస్టిక్ పెట్టెలు వాడుతున్నారు. 1993లో జర్మనీలో 'సిస్టెయినర్' అనే పేరుతో ఇలాంటి పెట్టెలు వచ్చాయి. వాటి అడుగు భాగం 396 మి.మీ. పొడవు, 296 మి.మీ. వెడల్పు. ఎత్తులో తేడా ఉన్నా అడుగు కొలత ఒకటే కావడం వల్ల ఏ పెట్టె అయినా ఏ పెట్టెమీదనైనా కూర్చుంటుంది. మోసుకుపోవడానికి ఇది ఎంతో బాగుంటుంది. పని గదిలో మాత్రం చిక్కు వస్తుంది. ఒక్కొక్కటి 6 కిలోల చొప్పున అయిదు పెట్టెలు పేర్చి ఉంటే, అడుగు పెట్టెలోని ఉలి కోసం 24 కిలోల బరువు దించాలి, మళ్లీ ఎత్తిపెట్టాలి. అందుకే ఒక్కో పెట్టెకు ఒక్కో అర అమర్చి, ఏది కావాలంటే అది బయటకు లాగేలా బీరువా చేసుకుంటారు.

కొలతలు ఎలా తీయాలి?

చాలామంది ముందు బీరువా చేసి, తరువాత అరలు పట్టించబోతారు. అది తప్పు. లోపలి నుంచి బయటకు కొలవాలి. పెట్టె పొడవు 396 మి.మీ. అది బిగుసుకోకుండా 4 మి.మీ. ఖాళీ వదిలితే 400 అయింది. అరకు రెండు పక్కల 12 మి.మీ. చెక్కలు పెడితే 424. అర జారడానికి రెండు వైపులా బిగించే ఇనుప చానళ్లకు ఒక్కోదానికి 13 మి.మీ. చోటు కావాలి. మొత్తం 450 మి.మీ. బీరువా లోపలి వెడల్పు ఇంతే ఉండాలి. ఇక్కడ 3 మి.మీ. తగ్గినా అర బిగుసుకుంటుంది. వానాకాలంలో మామూలు చెక్క తేమను పీల్చి, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, మరో పొర నార అడ్డంగా ఉండేలా అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకే ఇలాంటి బీరువాకు ప్లైవుడ్ మేలు.

ఆ రోజు ఏం జరిగింది?

నేను పనిచేసిన ఒక పాఠశాలలో చేతిపనుల గదికి ఇలాంటి బీరువానే చేశాం. కొలతలన్నీ సరిపోయాయి. చిటికెన వేలితో లాగినా అర జారి వచ్చేది. నాకు ఎంతో గర్వంగా ఉండేది. సంవత్సరాంతంలో పనిముట్లు లెక్కపెట్టమని ఒక విద్యార్థికి చెప్పాను. వాడు తెలివిగా, వరసగా చూడవచ్చునని అరలన్నీ ఒక్కొక్కటే లాగి ఉంచాడు. చివరి అర లాగగానే బీరువా మొత్తం వాడిమీదికి వంగింది! ఎదురుగా ఉన్న పెద్ద బల్లకు అరలు తట్టుకుని ఆగబట్టి సరిపోయింది. లేకపోతే? ఆ తలపు వస్తే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. తప్పు వాడిది కాదు. వారం ముందే ఆ తరగతికి భ్రామకాల పాఠం చెప్పి, నా బీరువాకు ఆ లెక్క వేసి చూసుకోని నాది.

ఆ లెక్క ఇప్పుడు మనం వేద్దాం.

బీరువా కూడా తూగుబల్లే

తూగుబల్లమీద దూరంగా కూర్చున్న సన్నపిల్లవాడు, దగ్గరగా కూర్చున్న లావుపాటివాణ్ణి లేపగలడు కదా! బరువును ఆధార బిందువు నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేదే భ్రామకం. బీరువా ముందుకు వాలితే దాని అడుగున ముందు అంచుమీదనే తిరగాలి. అంటే ఆ అంచే ఆధార బిందువు.

బీరువా లోతు 45 సెం.మీ., అరలు లేని ఖాళీ బీరువా బరువు 24 కిలోలు అనుకుందాం. దాని గరిమనాభి మధ్యలో, అంటే ముందు అంచుకు 22.5 సెం.మీ. వెనుక ఉంటుంది. పెట్టెతో కలిపి ఒక్కో అర బరువు 8 కిలోలు. అర లోపల ఉన్నప్పుడు దాని గరిమనాభి కూడా అంచుకు 22.5 సెం.మీ. వెనుకే. పూర్తిగా 45 సెం.మీ. లాగితే? అంచుకు 22.5 సెం.మీ. ముందుకు వస్తుంది!

కిలోలను సెంటీమీటర్లతో గుణిద్దాం.

ఒక అర లాగితే: ముందుకు తిప్పే భ్రామకం 8 × 22.5 = 180. వెనుక నిలిపేది (24 + 32) × 22.5 = 1260. భయం లేదు.

మూడు లాగితే: ముందుకు 540, వెనుక 900. ఇప్పటికీ నిలుస్తుంది.

నాలుగు లాగితే: ముందుకు 720, వెనుక 720. సరిసమానం! వేలితో తాకినా వాలవచ్చు.

అయిదూ లాగితే: ముందుకు 900, వెనుక 540. ఇక ఆగదు.

చూశారా? లాగిన ప్రతి అర రెండు నష్టాలు చేస్తుంది. వెనుక పక్షాన్ని వదిలిపెడుతుంది, ముందు పక్షంలో చేరుతుంది. రెండు అరలే లాగి ఉన్నప్పుడు ఒక చిన్నవాడు అర చివర ఆనుకుని 20 కిలోల బలంతో నొక్కాడనుకోండి. ముందుకు 360 + 20 × 45 = 1260. వెనుక 1080. వాలుతుంది! బట్టల సొరుగులను మెట్లుగా చేసుకుని ఎక్కే పసిపిల్లలకు ప్రమాదాలు జరిగేది ఇందుకే.

మరి ఉపాయం ఏమిటి?

ఈ భ్రామకమే మనకు ఉపాయం కూడా చెబుతుంది. బీరువా ఎత్తు 150 సెం.మీ. దాని పై అంచును గోడకు బిగిద్దాం. అయిదు అరలూ లాగి, పైగా ఒకడు 20 కిలోల బలంతో నొక్కినా, మిగిలే భ్రామకం 900 + 900 – 540 = 1260. దాన్ని ఆపడానికి 150 సెం.మీ. ఎత్తున గోడ లాగాల్సిన బలం 1260 ÷ 150 = 8.4 కిలోలు మాత్రమే! అదే 30 సెం.మీ. ఎత్తున బిగిస్తే 42 కిలోలు కావాలి. కాబట్టి ఎంత పైన బిగిస్తే గోడకు అంత సుఖం. రెండు ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు, గోడలో గట్టిగా దిగిన నాలుగు మరమేకులు చాలు. ఈ పని పెద్దలచేత చేయించండి.

బరువైన పెట్టెలు కింది అరల్లో పెట్టాలి. చదునైన నేలమీద మన లెక్కలో ఎత్తు రాలేదు, నిజమే. కానీ నేల వాలుగా ఉన్నా, బీరువా కాస్త వంగినా పైనున్న బరువే ఎక్కువ ముందుకు జరుగుతుంది. ఇక మూడో జాగ్రత్త: ఒక అర మూసిన తరువాతే మరొకటి లాగాలి. ఫైళ్లు పెట్టే ఉక్కు బీరువాలు చాలావాటిలో ఒక సొరుగు తెరిచి ఉండగా మరొకటి రాకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది.

మీరే చేసి చూడండి

పుల్లలు తీసేసిన అయిదు అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి జిగురుతో అంటించండి. ఒక్కో సొరుగులో ముందు వైపున ఒక్కో రూపాయి నాణెం పెట్టండి. పై నుంచి మొదలుపెట్టి, ఒక్కో సొరుగు మూడు వంతుల్లో రెండు వంతులు లాగండి. ఎన్నో సొరుగుకు పడింది? రాసుకోండి. తరువాత పైపెట్టె వెనుక భాగాన్ని దారంతో గోడకు బిగువుగా అంటించి మళ్లీ లాగండి.

చివరగా ఒక ప్రశ్న. మన బీరువాకు చక్రాలు బిగించారు. ముందు చక్రాలు అంచుకు 5 సెం.మీ. వెనుక ఉన్నాయి. ఇప్పుడు ఆధార బిందువు ఎక్కడ? ఎన్నో అర లాగితే బీరువా వాలుతుంది? లెక్క వేయండి. ఆ తరువాత మీ ఇంట్లో, మీ బడిలో సొరుగుల బీరువాలు గోడకు బిగించి ఉన్నాయో లేదో చూసి పెద్దలకు చెప్పండి. నేను వేయని లెక్కను మీరు ముందే వేసినవారవుతారు.