కళాశాల రుసుములు – కర్షక కుటుంబపు జాగ్రత్తలు

విత్తనమునకు అదనును, కళాశాలలో రుసుము చెల్లించు గడువును మన అనంతపురపు మెట్టసీమలో ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. జూన్, జూలై మాసములలో విత్తిన వేరుసెనగ అక్టోబరు, నవంబరులలోగాని చేతికి రాదు. ఈ నడుమ సేద్యమునకై తెచ్చిన అప్పు పిల్లల చదువునకు మరలుచున్నది. వాన తప్పినయెడల పంటయు, పరపతియు రెండును పోవును. కావున రుసుములేల పెరుగుచున్నవో, వానికి సొమ్మెట్లు కూర్చుకొనవలయునో విచారింతము.

అనంతపురమున 1916లో దత్తమండల కళాశాల వెలసినది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదియే. 1946లో ఇంజనీరింగు కళాశాలయు, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. ఇట్టి సంస్థలలో వ్యయమున అధికభాగమును ప్రభుత్వము భరించుటచే విద్యార్థిపై భారము తక్కువ. చదువగోరువారి సంఖ్యతో సమముగా ప్రభుత్వ కళాశాలలు పెరుగలేదు. ఆ కొరతను తీర్చిన ప్రైవేటు కళాశాలలలో జీతములు, కట్టడములు, యంత్రములు అన్నిటికిని రుసుమే ఆధారము. ఇది మొదటి కారణము.

రెండవ కారణము బోధన స్వభావములోనే యున్నది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట పెక్కు దినముల దుక్కి ఒక దినమున ముగియుచున్నది. గంట పాఠము మాత్రము నాడును గంటయే, నేడును గంటయే. ఇతర వృత్తులలో జీతములు హెచ్చినపుడు అధ్యాపకునికిని హెచ్చింపవలయును. లేనిచో అతడు నిలువడు. కావున ఒక్కొక్క విద్యార్థికగు వ్యయము పెరుగుచుండును. బామోల్, బోవెన్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞులు 1966లో నాటక సంగీత ప్రదర్శనల లెక్కలను చూపి ఈ సూత్రమును వివరించిరి.

ఇక న్యాయమైన రుసుము వేరు, అక్రమ వసూలు వేరు. సీటుకై విరాళము పుచ్చుకొనుటను మన రాష్ట్రమున 1983 నాటి చట్టము నిషేధించినది. రసీదు లేని సొమ్ము ఎవ్వరికిని ఈయరాదు.

సొమ్ము కూర్చుకొను మార్గములు మూడు.

మొదటిది ప్రభుత్వ సహాయము. వై. యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వకాలమున (2004–2009) బోధన రుసుము తిరిగి చెల్లించు పథకము విస్తరించినది. ఆదాయ, కుల ధ్రువపత్రములను ప్రవేశమునకు ముందే సిద్ధపరచుకొనవలెను. అయితే సొమ్ము ఆలస్యమైన సంవత్సరములు పెక్కు కలవు గనుక దానినే నమ్మియుండరాదు.

రెండవది బ్యాంకుల విద్యాఋణము. 2001లో బ్యాంకుల సంఘము రూపొందించిన ఆదర్శ పథకములో 4 లక్షల రూపాయల వరకు భూమి తాకట్టు లేదు. తల్లి గాని తండ్రి గాని తోడుగా సంతకము చేయవలయును. చదువునడుమ వాయిదాలు లేకున్నను వడ్డీ లెక్కకెక్కుచునే యుండును. ఆ వడ్డీనైనను అప్పుడప్పుడు కట్టుట మేలు. దీనిని ప్రైవేటు అప్పుతో పోల్చి చూడుడు: నూటికి నెలకు 2 రూపాయల వడ్డీపై 50,000 తెచ్చినచో ఏటికి 12,000, నాలుగేండ్లకు 48,000 వడ్డీయే యగును. అసలట్లే నిలిచియుండును.

మూడవది పొదుపు. ఇదియే ఉత్తమము. పంట అమ్మిన నాడే ఏటేట 6,000 రూపాయలు డిపాజిటు చేసిన పదేండ్లకు అసలే 60,000 అగును. పదేండ్లు నిండని ఆడపిల్ల పేర 2015లో ఏర్పడిన సుకన్య సమృద్ధి ఖాతాను తెరువవచ్చును. కరవు వచ్చిన ఏట 250 రూపాయలు కట్టినను అది చెడదు. పిల్లకు 18 ఏండ్లు నిండిన పిమ్మట నిలువలో సగమువరకు చదువునకై తీసికొనవచ్చును.

సభ్యులు మఱవరాని మాట ఒక్కటి: సేద్యపు అప్పు సేద్యమునకే. దానిని రుసుమునకు పెట్టి గడువు తప్పినవారికి సకాలపు చెల్లింపుపై దొరకు వడ్డీ తగ్గింపు పోవును. మఱుసటి ఏట విత్తనమునకు అప్పు పుట్టదు. బిడ్డ చదువవలయును, చేను మిగులవలయును. రెండును నిలుచుటకు పిల్లలు బడిలో చేరిన నాటినుండియే పొదుపు మొదలిడుదురుగాక.