ప్రభువు మన పడవలోనే ఉన్నాడు



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో పెద్దలు పెంచిన కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. జపమాల చెప్పుకునే ఇంటివారి చెట్లు కూడా మిగలలేదు. మరి ప్రభువు మనలను కాపాడతాడని చెప్పుకునే మాటకు అర్థం ఏమిటి? ఈ ప్రశ్నను మనం దాటవేయకూడదు.

మార్కు సువార్త 4వ అధ్యాయం తెరవండి. ఆవలి ఒడ్డుకు పోదామని శిష్యులను పిలిచినవాడు క్రీస్తు ప్రభువే. ఆయన మాట విని బయలుదేరినవారికే తుపాను ఎదురైంది. అయితే ఆ పడవలో, ఆ అలల మధ్య ఆయన కూడా ఉన్నాడు. మేము మునిగిపోతుంటే నీకు పట్టదా అని వారు మొరపెట్టారు. ప్రభువు ముందు గాలిని గద్దించి, తరువాతనే వారి విశ్వాసాన్ని గూర్చి అడిగాడు. కనుక కష్టంలో ఆయన ఎదుట ఏడ్వడానికి సిగ్గుపడనక్కరలేదు. అంజూరం పూయకున్నా, ద్రాక్ష కాయకున్నా దేవునియందే ఆనందిస్తానన్నాడు హబక్కూకు ప్రవక్త. ఉద్దానం రైతు ఆ చోట కొబ్బరి, జీడి అని చదువుకోవచ్చు.

తుపాను ఒక్క రోజుది. మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పీడిస్తోంది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. విశ్వాసం ఉంటే డయాలసిస్ ఎందుకు, ప్రార్థన చాలదా అని రోగితో ఎవరైనా అంటే, అది శ్రీసభ బోధ కాదని తెలుసుకోండి. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది. మందులను నేలనుండి పుట్టించినవాడు దేవుడేనంటుంది. రోగి ప్రార్థించాలని, వైద్యునికి కూడా చోటివ్వాలని ఒకేచోట నేర్పుతుంది. దేవాలయ శిఖరం నుండి దూకమన్న సైతానుకు ప్రభువు లొంగలేదు. మందు మానివేసి దేవుని పరీక్షించడం కూడా అటువంటి శోధనే. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి తెచ్చిన తాగునీరు కూడా దేవుని కాపుదలకు సాధనాలే.

ఆ కాపుదలకు మన చేతులు కూడా కావాలి. మీ విచారణలో డయాలసిస్‌కు వెళ్లేవారు ఉంటే, ఈ వారం ఒక రోజు వారికి తోడు వెళ్లండి. ఆ పూట వారి పిల్లలకు మీ ఇంట అన్నం పెట్టండి. వారికి దివ్యసత్ప్రసాదం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అందేలా విచారణ గురువులకు కబురు చేయండి. అభ్యంగనం ప్రాణం పోయే గడియకు మాత్రమే అనుకుని ఆలస్యం చేయకండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలను ఇలా అడగండి: ఈ రోజు ప్రభువు ఎవరి చేతుల మీదుగా మనలను ఆదుకున్నాడు? ఆ ప్రశ్నకు రోజూ జవాబు వెదికే కుటుంబం క్రమంగా విశ్వాసంతో జీవించడం నేర్చుకుంటుంది.

ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక!