బెంగుళూరి చెంత అడవిదారులు, వాగుదారులు

బెంగుళూరులో పుట్టి పెరుగుచున్న మన తెలుగు పిల్లలలో పెక్కుమందికి వాగు అనునది పుస్తకములోని మాటయే కాని కంట చూచిన వస్తువు కాదు. వంక, మడుగు, గుట్ట, డొంక, పొద మొదలగు మాటలు పాఠములో వచ్చినపుడు ఉపాధ్యాయుడు అర్థము చెప్పును, పిల్లవాడు వ్రాసికొనును, పరీక్ష ముగిసిన పిమ్మట మరచును. వస్తువు కంటబడనిచోట మాట నిలుచుట కష్టము. అయితే ఆ వస్తువులు మనకు దూరమున లేవు. నగరమునకు దక్షిణమునను పడమటను, గంట రెండుగంటల ప్రయాణములో (రద్దీ లేని తెల్లవారుజామున అని చదువుకొనవలెను) అడవియు, రాతిగుట్టలును, వానకాలమున పారు వాగులును గలవు. సెలవునాడు పిల్లలను అచ్చట కాలినడకను త్రిప్పదలచిన తలిదండ్రులు ఏమి చూపవలెనో, దేనికి వెరవవలెనో తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయబడినది.

మొదట నేల వాలు తెలిసికొనుట మంచిది. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఒక మిట్టపై నున్నది. మిట్టకు తూర్పున కురిసిన వాన చెరువునుండి చెరువునకు దిగి, దక్షిణ పినాకినిలో కలిసి, తమిళనాడులోని కడలూరు వద్ద సముద్రమును చేరును. పడమట కురిసినది వృషభావతిలోనికి, వృషభావతి అర్కావతిలోనికి, అర్కావతి కావేరిలోనికి పోవును. ఊరిలో పెద్దనది లేకపోవుటచేతనే పూర్వులు పల్లములలో ఒకదాని క్రింద ఒకటిగా చెరువులు త్రవ్వి, వానిని కాలువలతో కలిపిరి. ఆ పెద్ద కాలువలను ఇచ్చట రాజకాలువె లందురు.

ఇక ఉత్తరమున 60 కిలోమీటర్ల దూరములో 1,478 మీటర్ల ఎత్తుగల నందికొండ యున్నది. అర్కావతి పుట్టుక అచ్చటనే. ఆ ప్రాంతపు కొండలలోనే దక్షిణ పినాకినియు, ఉత్తర పినాకినియు పుట్టుచున్నవి. ఉత్తర పినాకిని యనగా మన పెన్న. అనంతపురము, కడప సీమలను దాటి, సుమారు 600 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరి సమీపమున సముద్రములో కలియు నదియే యది. నెల్లూరిలో అమ్మమ్మ యుండగా బెంగుళూరిలో చదువుకొను పిల్లవానికి ఈ సంగతి నందికొండమీద నిలిచి చెప్పి చూడుడు. భూగోళపాఠము ఆ నాటినుండి వానికి సొంత కుటుంబపు కథవలె నుండును.

నడక అలవాటు లేని చిన్నపిల్లలతో ఏకముగా అడవికి పోరాదు. మొదటి నడక లాల్‌బాగులోని బండమీద కావచ్చును. అది సుమారు 300 కోట్ల ఏండ్ల నాటి శిల. జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తింపబడినది. దానిమీద కెంపేగౌడుని పేర ప్రసిద్ధమైన గోపురములలో నొకటి గలదు. బండమీద కాలు జారకుండ నడచుట, నెత్తి మాడకముందే దిగుట అచ్చటనే అలవడును. రెండవ నడకకు కనకపుర మార్గపు చేరువనున్న తురహళ్ళి అడవి తగినది. నగరము నలువైపుల కమ్ముకొనగా మిగిలిన చిన్న అడవి యది. 2021లో అచ్చట వృక్షోద్యానము నిర్మింప తలపెట్టగా, అడవిని అడవిగానే విడువవలెనని చుట్టుప్రక్కల నివాసులు నిరసించిరి. వారు పట్టుబట్టిన విషయము సబబైనదని నా అభిప్రాయము. చదునుచేసిన బాటయు, బల్లలును ఉద్యానములలో ఎన్నియైన గలవు. ఎండుటాకుల చప్పుడు విని ఆగవలసిన చోటు నగరములో మరి లేదు.

వాగు చూడవలెనన్న ఇంకను దక్షిణమునకు పోవలెను. బన్నేరుఘట్టలో చంపకధామస్వామి కోవెల యున్నది. ఆ అడవి నడుమ పారు ఏటికి సువర్ణముఖి యని పేరు. శ్రీకాళహస్తి పాదములు కడుగు సువర్ణముఖిని ఎరిగినవారికి ఇది వింతగా దోచును. రెండును వేరు వేరు నదులు. పేరు మాత్రమే ఒకటి. ఇంకను ముందు, ఆనేకల్లు దాటిన పిమ్మట ముత్యాల మడువు అను లోయ గలదు. గుట్టనుండి జారు నీటిబొట్లు ముత్యములవలె నుండునని ఆ పేరు. ఇందలి మాటకూర్పు గమనింపదగినది. కన్నడమున ముత్యము ముత్తు; ఆ లెక్కను "ముత్తిన" అని యుండవలెను. "ముత్యాల" అనునది తెలుగు రూపమే. ఆనేకల్లు తాలూకాలో తెలుగు మాటలాడు పల్లెలు మొదటినుండి మెండు. ఎవరో మనవారు ఆ నీటిని చూచి పెట్టిన పేరే నేటికిని బోర్డుమీద నిలిచియున్నదని యనుకొనుటలో తప్పులేదు. వేసవిలో పోయినవారికి ముత్యములు కానరావు, తడి బండ మాత్రమే మిగులును. బెంగుళూరున సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వానలు హెచ్చు. అవి వెనుకబట్టిన పిమ్మట పోవుట మేలు.

దారివెంట పిల్లలకు చెప్పదగిన పాఠములలో నాకు మిక్కిలి ప్రియమైనది పేర్ల పాఠము. మన పిల్లలు బడిలో తెలుగును, వీధిలో కన్నడమును నేర్చుచున్నారు. ఈ రెండును అక్కచెల్లెండ్రని వేదికలపై చెప్పుదుము కాని, పోలిక ఎచ్చట నున్నదో చూపము. అడవిలో అది చెట్టు చెట్టునకు కనబడును. మన మాటమొదటి ప కారము కన్నడమున పెక్కుచోట్ల హ కార మగును. పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పల్లె హళ్ళి. పాత కన్నడమునందును ప కారమే యుండెడిది, మధ్యకాలమున మారినది. కనుక వాగును హళ్ళ అని ఏల అందురని పిల్లవాడు అడిగినచో, పల్లము అను మాటను జ్ఞప్తి చేయుడు. నీరు పల్లమునకే కదా పారును. అట్లే మన వ కారము అచ్చట బ కారము. వెదురు బిదిరు, వేప బేవు, వేరు బేరు, వెలగ బేల. ఈ రెండు సూత్రములు చేతికిచ్చిన యెడల పదేండ్ల పిల్ల తనంతట తానే మాటలు జతపరచుకొనును. నేరేడు నేరళె యనియు, తంగేడు తంగడి యనియు, బండ బండె యనియు పొరుగింటివారివలె దగ్గరగా నున్నవి. దారి రెంటను దారియే.

ఈ రెండు సూత్రములకును లొంగని పేర్లును గలవు. చింతను హుణసె యందురు, కానుగను హొంగె యందురు, మర్రి ఆలమగును, కొండ బెట్టమగును, చెరువు కెరెయగును. వీనిని రెండు పేర్లతోను నేర్పవలెను. తెలుగు పేరు తెలియనిచో పిల్ల అవ్వతో మాటలాడలేదు. కన్నడపు పేరు తెలియనిచో అడవి కాపరి చెప్పిన హెచ్చరిక అర్థము కాదు. ఆ రెండవది కొన్నిచోట్ల ప్రాణముమీదికి వచ్చు సంగతి.

ఏలయన బన్నేరుఘట్ట వట్టి విహారస్థలము కాదు. 1974లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ అడవి 260 చదరపు కిలోమీటర్లకు పైబడి, దక్షిణమున కావేరి తీరపు అడవులతో కలియుచున్నది. ఏనుగులకు అది రాకపోకల మార్గము. రాగి పంట చేతికివచ్చు కాలమున అవి చేలలోనికి వచ్చును. ఏనుగును దూరమునుండి చూచి ఆనందింపవచ్చునని కొందరి తలంపు. పొదల మాటున నిలిచిన ఏనుగు ఇరువది అడుగుల దూరమున నున్నను కనబడకపోవచ్చునని వారెరుగరు. కనుక అటవీశాఖ అనుమతి లేక లోపలి దారులలో అడుగు పెట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము కూడ. అనుమతి గల చోటనైనను కాపరి ముందు నడువవలెను, పిల్లలు నడుమ నుండవలెను, ఒక పెద్ద వెనుక నుండవలెను. తాజా లద్దె గాని, విరిచిన వెదురు గాని కనబడినచో మాటలాడక వెనుదిరుగుడు.

ఏనుగుకన్న నీరు ఎక్కువ మోసకారి. రాయి తీసి విడిచిన గనిగుంటలలో నీరు నిశ్చలముగ నుండును; అంచున మోకాలిలోతు, రెండడుగులు వేసిన నిలువులోతు. సావనదుర్గపు చేరువ అర్కావతిపై కట్టిన మంచనబెలె జలాశయమును అట్టిదే. ఈత వచ్చినను దిగరాదు. ఎగువన వాన పడిన వాగు ఇచ్చట ఎండ కాయుచుండగనే పొంగును. నీరు రంగు మారినను, పుల్లలు కొట్టుకొని వచ్చుచున్నను వెంటనే గట్టెక్కవలెను. ఇక 1,226 మీటర్ల సావనదుర్గము బండను చిన్నపిల్లలతో ఎక్కుటకు నేను సమ్మతింపను. క్రింది అడవిదారి చాలును. నిట్రమైన రాళ్ళకు కొండతేనె పట్టులు వ్రేలాడును గనుక పొగయు, కేకలును వలదు.

వెంట కొనిపోవలసినవి కొద్దియే: మనిషికి రెండు లీటర్ల నీరు, టోపి, నిండుచేతుల చొక్కా, మడమలు కప్పు బూట్లు, పులిహోర గాని పెరుగన్నము గాని, చెత్త తిరిగి తెచ్చుటకొక సంచి. ఇంటికి వచ్చినపిమ్మట పిల్లల మెడలను, మోకాళ్ళ మడతలను పిడుదులకై వెదకవలెను.

చివరి నడకగా వృషభావతిని చూపుడు. బసవనగుడి నంది పాదములవద్ద పుట్టినదని చెప్పబడు ఏరు నేడు నగరపు మురుగును మోయుచున్నది. గట్టుమీదనుండి చూడవచ్చును గాని చేయి ముంచరాదు. ఈ నీరు ఎచ్చటికి పోవునని పిల్లలు తప్పక అడుగుదురు. అర్కావతికి, అటనుండి కావేరికి అని నిజమే చెప్పుడు. ఇంటి కొళాయిలో వచ్చునదియు కావేరియే కదా యని వారు మరల అడుగుదురు. మన నీటిని సంగమమునకు ఎగువననే తోడుచున్నారని చెప్పవచ్చును. దిగువ పల్లెలవారి మాట ఏమని మూడవ ప్రశ్న వచ్చినచో, దానిని ఆ సాయంకాలమే నడక పుస్తకములో, చూచిన చెట్ల రెండు పేర్ల ప్రక్కను, వారిచేతనే వ్రాయింపుడు.