ఆటగాడికి కోపం ఎందుకొస్తుంది?

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఒకటుంది. మన క్రికెట్టుకు దాయాది అనుకోండి. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. కర్ర పట్టుకుని కొట్టేవాడు బ్యాటరు. తీర్పు చెప్పడానికి అంపైర్లుంటారు. ఇంతవరకూ మనకు తెలిసిన వ్యవహారమే. తెలియనిదల్లా మేనేజరు సంగతి. బేస్‌బాల్‌లో జట్టు మేనేజరు ఎంత వయసువాడైనా సరే, ఆటగాళ్ళలాగే జట్టు దుస్తులు వేసుకుని మైదానం అంచున కూర్చుంటాడు. అంపైరు తీర్పు నచ్చకపోతే విసవిసా లోపలికి వచ్చేస్తాడు. అరుస్తాడు. టోపీ తీసి నేలకు కొడతాడు. బూటు కాలితో మట్టి ఎగజిమ్ముతాడు. బాల్టిమోర్ జట్టు మేనేజరు అర్ల్ వీవర్ తన టోపీని వెనక్కి తిప్పి పెట్టుకునేవాడు. ఎందుకో తెలుసా? టోపీ అంచు తగలకుండా అంపైరు ముఖానికి మరింత దగ్గరగా ముఖం పెట్టి అరవడానికి! 1990లో సిన్సినాటి జట్టు మేనేజరు లూ పినియెల్లా ఆట మధ్యలో 'ఫస్ట్ బేస్'నే నేలనుంచి పీకి విసిరేశాడు. అట్లాంటా జట్టుకు చాలాకాలం మేనేజరుగా ఉండి 2010లో విరమించిన బాబీ కాక్స్‌ను, ఆయన మేనేజరుగా పనిచేసిన కాలం మొత్తంలో, అంపైర్లు 150 సార్లకు పైగా మైదానం బయటికి పంపించారు.

పెద్దవాళ్ళు, లక్షల డాలర్లు సంపాదించేవాళ్ళు, వేలాది జనం చూస్తుండగా మూడేళ్ళ పిల్లాడిలా కాళ్ళు నేలకేసి కొట్టడం మనకు నవ్వు తెప్పిస్తుంది. అయితే నవ్వి ఊరుకోవలసిన విషయం కాదు. ఇలాంటిది మన దగ్గరా జరిగింది.

2018 జనవరి 11న విజయనగరంలో హైదరాబాదు, కర్ణాటక జట్ల మధ్య సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ పోటీ జరిగింది. మొదట ఆడిన కర్ణాటక 203 పరుగులు చేసింది. కాని ఆ ఇన్నింగ్సులో హైదరాబాదు ఫీల్డరు ఒకరు బంతిని ఆపేటప్పుడు ఆయన కాలు బౌండరీ తాడుకు తగిలింది. అంపైర్లు అప్పుడు గమనించక రెండు పరుగులే ఇచ్చారు. తరువాత సరిచూసి దాన్ని ఫోరుగా లెక్కకట్టారు. కర్ణాటక స్కోరు 205 అయింది. హైదరాబాదు 203 దగ్గర ఆగింది. అంటే రెండు పరుగుల తేడా, సరిగ్గా ఆ రెండే! హైదరాబాదు కెప్టెన్ అంబటి రాయుడు ఒప్పుకోలేదు. స్కోర్లు సమానమయ్యాయి గనుక సూపర్ ఓవర్ ఆడించాలని అంపైర్లతో వాదించాడు. జట్టు మైదానం వదలలేదు. దాని తరువాత ఆంధ్ర, కేరళ జట్లు ఆడవలసిన ఆట ఆలస్యమైంది. క్రికెట్ బోర్డు రాయుడిపై రెండు పోటీల నిషేధం విధించింది.

నియమం ప్రకారం అంపైర్లు చేసిన దిద్దుబాటు సరైనదే, తాడు తగిలితే ఫోరే. కాని ఆ కెప్టెన్ స్థానంలో ఒక్క క్షణం మిమ్మల్ని ఊహించుకోండి. గెలిచామా ఓడామా అన్నది ఆటలో కాక కాగితం మీద తేలితే గుండె ఎలా కొట్టుకుంటుంది?

ఆ గుండె కొట్టుకోవడం దగ్గరే మన పాఠం మొదలవుతుంది.

మన మూత్రపిండాలమీద చిన్న టోపీల్లాగా రెండు గ్రంథులున్నాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. మెదడు లోపలిభాగంలో బాదంపప్పు ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ఎదుట అపాయమో, అన్యాయమో కనబడితే ఇది క్షణంలో పసిగడుతుంది. దీనినుంచి హైపోథలామస్‌కూ, అక్కడినుంచి వెన్నుపాము ద్వారా అడ్రినల్ గ్రంథులకూ వార్త చేరుతుంది. గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఇక చూడండి! గుండె వేగం పెరుగుతుంది. రక్తపీడనం పెరుగుతుంది. కాలేయంలో గ్లైకోజన్ రూపంలో దాచిన నిల్వ గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. జీర్ణాశయానికి వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు వెళ్ళేది పెరుగుతుంది. నోరు ఎండుతుంది, కనుపాపలు పెద్దవవుతాయి. ఇదంతా దేనికి? పోరాడటానికి, లేదా పారిపోవడానికి. పులి ఎదురైనప్పుడు మన పూర్వీకులకు ఇది ప్రాణం కాపాడిన ఏర్పాటు. చిక్కేమిటంటే, అమిగ్డలాకు పులికీ అంపైరుకూ తేడా అంత బాగా తెలియదు. ఆ తేడా చెప్పవలసింది నుదుటి వెనకనున్న మెదడు ముందుభాగం. అది నిదానంగా ఆలోచిస్తుంది. పైగా ఆ భాగం పూర్తిగా ఎదిగేసరికి మనిషికి సుమారు పాతికేళ్ళు వస్తాయి. అంటే మీలాంటివాళ్ళకు బండి ఇంజను సిద్ధంగా ఉంది, బ్రేకులు ఇంకా బిగిస్తున్నారన్నమాట.

ఈ సంగతులను మొదట విడమర్చి చూపినవారిలో హార్వర్డు విశ్వవిద్యాలయపు వాల్టర్ కానన్ ముఖ్యుడు. 1913లో కానన్, సైరస్ ఫిస్క్ కలిసి ఒక తమాషా పరీక్ష చేశారు. హార్వర్డు ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది ఆడిన చివరి పోటీ, అన్నిటికన్న ఉద్వేగభరితమైన పోటీ ముగియగానే 25 మంది ఆటగాళ్ళ మూత్రం పరీక్షించారు. 12 మందిలో చక్కెర కనిపించింది. పరుగెత్తి ఆడినందువల్ల వచ్చింది కాబోలు అనుకుంటాం గదా? ఆ పన్నెండు మందిలో అయిదుగురు మైదానంలోకి దిగనేలేదు! అదనపు ఆటగాళ్ళుగా పక్కన కూర్చుని చూశారంతే. ఆడకుండా ఊరికే ఉద్వేగపడినా కాలేయం చక్కెర వదిలేస్తుందని తేలింది. గ్యాలరీలో కూర్చున్న మనకూ ఇది వర్తిస్తుంది.

ఫిస్క్ పేరు విన్నప్పుడు తెలుగువాళ్ళకు మరొకటి గుర్తు రావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఆ ఫిస్క్‌తోనే పనిచేశాడు. 1927లో వారిద్దరూ కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నట్లు ప్రకటించారు. ఒక్క ఉదుటున పరుగు తీసినప్పుడు, బంతి విసిరినప్పుడు మొదటి కొద్ది సెకన్లకు కావలసిన శక్తిని అందించేది అదే. కోపంతో కర్ర నేలకేసి కొట్టినా అదే ఖర్చవుతుంది!

ఇప్పుడు ఎండ సంగతికి వద్దాం. నెల్లూరువాళ్ళకు ఎండ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మే నెలలో పడమటినుంచి వడగాలి తిరిగిందంటే 40 డిగ్రీలు దాటడం మామూలే. కోపానికి ఎండతో సంబంధం ఉందా అని 1991లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు రీఫ్‌మన్, లారిక్, ఫైన్ ఆలోచించారు. దానికి వాళ్ళు ఎంచుకున్నది బేస్‌బాలే. అందులో పిచ్చర్ విసిరిన బంతి బ్యాటరు ఒంటికి తగిలితే ఆ సంగతి లెక్కల్లో రాస్తారు. ఏ రోజు ఎంత వేడి ఉందో వాతావరణ శాఖ దగ్గర ఉంటుంది. 1986, 1987, 1988 సంవత్సరాలలో జరిగిన 826 ఆటల లెక్కలు తీసి చూస్తే, వేడి పెరిగినకొద్దీ బ్యాటర్లకు తగిలిన బంతులూ పెరిగాయి. చెమటకు చెయ్యి జారి తగిలి ఉండవచ్చు గదా అని మీరు అడగాలి. వాళ్ళూ అడుగుకున్నారు. చెయ్యి జారితే గురితప్పిన ఇతర బంతులు కూడా పెరగాలి. వాటిని లెక్కలోంచి మినహాయించి చూసినా వేడి ప్రభావం అలాగే నిలిచింది.

2011లో లారిక్, ఆయన సహచరులు ఇంకా పెద్ద లెక్క వేశారు. 1952నుంచి 2009వరకు జరిగిన 57,293 ఆటలు! ఈసారి మరో చిత్రం బయటపడింది. వేడి ఒక్కటే మనిషిని రెచ్చగొట్టడం లేదు. తమ జట్టువాడికి ముందే దెబ్బ తగిలి ఉంటే, ఎండరోజున పిచ్చర్ ఎదుటి జట్టువాడిని బదులుకు కొట్టడం బాగా ఎక్కువైంది. చల్లని రోజున 'పొరపాటులే' అనుకున్నది, ఎండలో 'కావాలనే కొట్టాడు' అనిపిస్తుందన్నమాట. ఎండకు ఒళ్ళు చల్లబరచుకోవడానికి గుండె ఎలాగూ వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ దడ ఎండది. దాన్ని మనసు కోపం ఖాతాలో రాసేస్తుందని ఒక వివరణ.

మన కోస్తాకు ఇక్కడొక సదుపాయం ఉంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తుంటే సముద్రంమీది చల్లగాలి ఒడ్డుకు వస్తుంది. మైపాడులోనో, కొత్తకోడూరులోనో ఇసుకలో వాలీబాల్ ఆడేవాళ్ళకు ఈ గాలి ముందుగా అందుతుంది. పాతిక కిలోమీటర్ల లోపలున్న నెల్లూరులో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో ఆడేవాళ్ళకు ఆలస్యంగా చేరుతుంది. పడమటిగాలి బలంగా ఉంటే కొన్ని రోజులు అసలు చేరకపోవచ్చు. వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం టోర్నమెంటు ఫైనలు పెట్టే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. వడదెబ్బ ఒక ప్రమాదమైతే, తలపగిలే తగవులు మరొకటి.

కోపం వస్తే కక్కేస్తే పోతుందని చాలామంది అంటారు. నిజమేనా? 2002లో బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ ఇసుకసంచి గుద్దినవాళ్ళకు కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్ళే నయమనిపించుకున్నారు. 2024లో ప్రచురించిన మరో పరిశీలనలో 154 అధ్యయనాలను కలిపి చూశారు. నెమ్మదిగా ఊపిరి తీయడం, ఒళ్ళు వదులు చేయడం వంటి దడ తగ్గించే పనులు కోపాన్ని తగ్గించాయి. దడ పెంచే పనులు మొత్తంమీద తగ్గించలేదు. ఎడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. జరిగినదాన్నే తలచుకుంటూ ఉంటే గ్రంథులు మళ్ళీ వదులుతాయి.

అయితే కోపం ఎప్పుడూ తప్పేనా? 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనల్లో మన పి.వి. సింధు, జపాను క్రీడాకారిణి యమగూచితో మొదటి గేమ్ గెలిచి, రెండోదానిలో 14-11తో ముందుంది. సర్వీసు ఆలస్యం చేస్తోందని అంపైరు ఎదుటివారికి ఒక పాయింటు ఇచ్చేశాడు. సింధు వాదించింది, రిఫరీకి చెప్పుకుంది. ఫలితం లేదు. ఆ గేమ్ 19-21, తరువాతది 16-21తో పోయాయి. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది, ఊరుకోక ఫిర్యాదు రాసింది. ఆ జులైలో ఆసియా బ్యాడ్మింటన్ సమాఖ్య సాంకేతిక సంఘం అది మానవ తప్పిదమేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పోయిన ఆట మాత్రం తిరిగి రాలేదు. బేస్‌బాల్‌లో 1983 జులైలో జార్జ్ బ్రెట్ కొట్టిన హోమ్ రన్‌ను, కర్రకు దేవదారు తారు హద్దు మీరి పూశాడని అంపైరు రద్దుచేస్తే, అతడు కన్నూ మిన్నూ కానక మైదానంలోకి దూసుకువచ్చాడు. ఆ పరుగు అతడికేమీ తెచ్చిపెట్టలేదు. జట్టు రాసిచ్చిన ఫిర్యాదుపై హోమ్ రన్ చెల్లుతుందని తేల్చారు. మిగిలిన ఆట ఆగస్టు 18న ఆడి, బ్రెట్ జట్టు గెలిచింది.

ఈ సెలవుల్లో మీరొక పని చేయవచ్చు. ఒక నోటుపుస్తకంలో మీ వీధి ఆటలన్నీ రాయండి. తేదీ, సమయం, నీడలో వేలాడదీసిన ఉష్ణమాపకం చూపిన వేడి, సముద్రపుగాలి వచ్చిందా లేదా, అంపైరుతో ఎన్నిసార్లు గొడవైంది, ఇవి చాలు. గొడవ పడినవాడి మణికట్టు పట్టుకుని అర నిమిషం నాడి లెక్కపెట్టి రెట్టింపు చేయండి (పట్టుకోనిస్తేనే సుమా!). అయిదు నిమిషాలు నీడలో కూర్చోబెట్టి మళ్ళీ లెక్కపెట్టండి. గొడవలేని వాడి నాడి కూడా చూడాలి, లేకపోతే పరుగు దడ ఏదో కోపపు దడ ఏదో తెలియదు. కనీసం ముప్ఫై ఆటలైనా పూర్తయ్యాక వేడిని అడ్డగీతమీద, గొడవలను నిలువుగీతమీద వేసి గ్రాఫు గీయండి. చుక్కలు ఎటు పోతాయో చూడండి. సాయంత్రం ఆటల్లో వేడి తగ్గినా, చీకటి పడుతోందన్న తొందర ఉంటుంది. దాన్ని ఎలా వేరుచేస్తారో మీరే ఆలోచించుకోవాలి.