మూడంచెల లిఫ్టుకు ఏ తాడు పద్ధతి?

ప్రశ్న: ఫస్ట్ టెక్ ఛాలెంజ్ రోబోకు మూడు కదిలే అంచెల స్లయిడ్ లిఫ్ట్ కడుతున్నాం. క్యాస్కేడ్ మంచిదా, కంటిన్యూయస్ మంచిదా?

జవాబు: మొదటిసారి కడుతుంటే కంటిన్యూయస్‌కే నా ఓటు. ఒకే తాడు అన్ని అంచెల కప్పీల మీదుగా వెళ్తుంది, తెగినా వెంటనే మార్చుకోవచ్చు. క్యాస్కేడ్‌లో ఒక్కో అంచెకు ఒక్కో తాడు; మొదటి తాడును స్పూల్ (తాడు చుట్టే చక్రం) ఒక అంగుళం లాగితే పై అంచె మూడు అంగుళాలు లేస్తుంది. వేగం బాగుంటుంది కానీ మొదటి తాడు మీద బరువు కూడా మూడింతలవుతుంది. పైన 2 కిలోలుంటే కింద 6 కిలోల లాగుడు, అంచెల సొంత బరువు అదనం. స్పూల్ వ్యాసార్థం 2 సెంటీమీటర్లయితే 12 కిలో-సెంటీమీటర్ల టార్క్ అన్నమాట. మోటార్ ఆగిపోయే టార్క్ దీనికి కనీసం రెట్టింపు ఉండాలి, లేదంటే వేడెక్కిపోతుంది.

చాలా జట్లు మరిచేది దించే తాడు. స్లయిడ్ దానంతటదే జారుతుందని నమ్మకండి. కాస్త వంగినా మధ్యలో బిగుసుకుంటుంది, అప్పుడు వదులైన తాడు స్పూల్ దాటి ఇరుసుకు చుట్టుకుంటుంది. అందుకే రెండో తాడును అదే ఇరుసు మీద ఎదురు దిశలో చుట్టండి. పక్క స్లయిడ్లు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో మోటార్ బిగించకముందే చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. చేతికి పట్టేసినట్టనిపిస్తే ఫ్రేమ్ సరిచేయండి, పెద్ద మోటార్ కోసం వెతకొద్దు.